బ్యాండ్ 36 దగ్గర వస్తే యాంటీబాడీ పాడైనట్టా?

ప్రశ్న: మేడమ్ గారూ, నేను ఎమ్మెస్సీ రెండో ఏడు. ప్రాజెక్టు కోసం హీలా కణాల్లో (ల్యాబ్‌లో పెంచే మనిషి క్యాన్సర్ కణాలు) పీసీఎన్‌ఏ అనే, డీఎన్‌ఏ నకలు తయారీలో పనిచేసే ప్రొటీన్‌కి వెస్టర్న్ బ్లాట్ పెట్టాను; అంటే ప్రొటీన్లను జెల్‌లో బరువును బట్టి విడదీసి, కావాల్సినదాన్ని యాంటీబాడీతో గుర్తించే పరీక్ష. దాని బరువు 29 కిలోడాల్టన్లని చదివాను. నాకేమో బ్యాండ్ (ఆ ప్రొటీన్ చూపే గీత) 36 దగ్గర వస్తోంది. మూడుసార్లు చేసినా అంతే. యాంటీబాడీ పాడైందని మా సీనియర్ అంటున్నాడు. కొత్తది కావాలని గైడ్ గారిని అడగాలంటే భయంగా ఉంది.
— ఒక విద్యార్థిని, మద్దిలపాలెం, విశాఖపట్నం

జవాబు: అడగక్కర్లేదమ్మా. పీసీఎన్‌ఏ జెల్ మీద కనిపించేదే 36 దగ్గర. ఉద్యోగంలో చేరిన కొత్తలో నేనూ ఈ 36 చూసే బెదిరిపోయి, నిండు వయల్ తీసుకెళ్లి చెత్తబుట్టలో పడేశాను. ఆ రోజు తిన్న తిట్లు ఇంకా చెవుల్లో ఉన్నాయి.

ఈ ప్రొటీన్‌లో 261 అమైనో ఆమ్లాలు. లెక్కగడితే 29 వేల డాల్టన్లే. కానీ వాటిలో ఆమ్ల గుణమున్నవి ఎక్కువ. అలాంటి ప్రొటీన్‌కి ఎస్‌డీఎస్ (ప్రొటీన్లకు అంటుకుని వాటిని జెల్‌లో నడిపించే డిటర్జెంట్) సరిగా పట్టదు, జెల్‌లో బద్ధకంగా దిగుతుంది. ఎంసీఎం2 అనే ఇంకో ప్రొటీన్ పెట్టి చూడు, ఇంకా విడ్డూరం: లెక్కకి 102, కనిపించేది 125 ప్రాంతంలో.

మీ సీనియర్‌కి ఒక్క మాట చెప్పు. పాడైన యాంటీబాడీ బ్యాండ్‌ని మసకబారుస్తుంది, ఒక్కోసారి మాయం చేస్తుంది. అంతేగాని పైకి జరపదు. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుపాను వచ్చినప్పుడు రోజుల తరబడి కరెంటు లేక మా ఫ్రీజర్ మొత్తం కరిగి నీళ్లు కారింది. తర్వాత అదే పీసీఎన్‌ఏ యాంటీబాడీతో బ్లాట్ వేస్తే బ్యాండ్ పీలగా, చుట్టూ మరకలు. అయినా ఉన్నది మాత్రం 36 దగ్గరే! అప్పట్నుంచి ఏ యాంటీబాడీ వచ్చినా ముందు పదేసి మైక్రోలీటర్లు చిన్న ట్యూబుల్లోకి పంచి, తేదీ రాశాకే ఫ్రీజర్‌లో పెడుతున్నాను. నువ్వూ ఆ పని చెయ్యి. పదే పదే గడ్డకట్టి కరిగితే ఏ యాంటీబాడీ తట్టుకోదు.

రేపు మైక్రోస్కోప్ కింద చూడాలనుకుంటే మాత్రం జాగ్రత్త. డీఎన్‌ఏ నకలు తయారవుతున్న కణాల్లోనే పీసీఎన్‌ఏ ఉంటుందనుకోకు. విడిగా తిరిగేది మిగతా దశల్లోనూ ఉంటుంది. ముందు ట్రైటాన్ అనే డిటర్జెంట్‌తో ఆ విడిదాన్ని కడిగేసి, చల్లటి మెథనాల్‌లో పెట్టు. అప్పుడు డీఎన్‌ఏకి ఉంగరంలా తొడుక్కున్నదే మిగిలి, ఎస్ దశ (డీఎన్‌ఏ నకలు తయారయ్యే దశ) కణాల్లో చుక్కలు చుక్కలుగా మెరుస్తుంది. ఫార్మలిన్ ఒక్కదానితో సరిపెడితే పీసీఎన్‌ఏని పట్టే ఎలుక మోనోక్లోనల్ యాంటీబాడీ పీసీ10కి ఆ చుక్కలు సరిగా అందవు.

అన్నట్టు, ఈ ప్రొటీన్ 1978లో మొదట బయటపడింది లూపస్ (ఒంట్లోని యాంటీబాడీలు సొంత కణాల మీదకే తిరగబడే జబ్బు) రోగుల రక్తంలోని యాంటీబాడీల వల్లే. వైవాలో అడిగితే చెప్పు, మార్కులు పడతాయి.

రిపోర్టులో "లెక్క ప్రకారం 29, జెల్ మీద 36" అని రెండూ రాసెయ్యి. పక్కన లాడర్ (బరువులు ముందే తెలిసిన ప్రొటీన్ల గీతలు) ఫోటో పెట్టడం మరిచిపోకు.