టీవీ విశ్లేషకులను ఆడుకునే బ్రిటిష్ స్కెచ్‌లు ఎక్కడ మొదలుపెట్టాలి? జోకు ఎక్కడుంది?

అడిగింది ఇదీ: "ఏమీ చెప్పకుండా గంటలు గంటలు మాట్లాడే టీవీ విశ్లేషకులను బ్రిటిష్ కామెడీ వాళ్లు భలే ఆడుకుంటారని విని రెండు మూడు స్కెచ్‌లు చూశాను. నవ్వు రాలేదు సరికదా, జోకు ఎక్కడుందో కూడా తెలియలేదు. ఏవి చూడాలి?"

నవ్వు రాకపోవడంలో విచిత్రమేం లేదండీ. మనకు కామెడీ అంటే చివర్లో పంచ్ పడాలి. మాంటీ పైథాన్ అనే బ్రిటిష్ కామెడీ బృందం 1969లో బీబీసీలో కార్యక్రమం మొదలుపెట్టినప్పుడే ఆ పంచ్‌ను కావాలని పక్కన పెట్టేసింది. స్కెచ్ నడుస్తూ నడుస్తూ మధ్యలో ఆగిపోతుంది, లేదంటే ఇంకోదాంట్లోకి జారిపోతుంది. పంచ్ కోసం కాచుకుని కూర్చుంటే అలా కూర్చునే ఉంటాం.

నేను హైదరాబాద్‌లో ఒక తెలుగు న్యూస్ ఛానల్‌లో కొన్నాళ్లు గెస్ట్ కోఆర్డినేటర్‌గా పనిచేశాను. సాయంత్రం డిబేట్‌కు మనుషులను పట్టుకొచ్చే పని. మధ్యాహ్నం మీటింగ్‌లో ఒక టాపిక్ అనుకుంటారు, సాయంత్రానికి అది మారిపోతుంది. మనుషులు మాత్రం మారరు, ఎందుకంటే అప్పటికే క్యాబ్ పంపేసి ఉంటాం. సాగునీటి ప్రాజెక్టుల మీద మాట్లాడటానికి బయల్దేరిన పెద్దాయనకు దారిలో ఫోన్ చేసి, "సార్, టాపిక్ మారింది, సినిమా టికెట్ రేట్లు" అంటే ఆయన క్షణం కూడా తడబడరు. "సరేనమ్మా, నేను ఏ వైపు?" అని మాత్రం అడుగుతారు. ఆ రోజుల్లోనే ఒక నైట్ షిఫ్ట్‌లో ఎడిటింగ్ కుర్రాడు నాకు పైథాన్ వాళ్ల ఎన్నికల రాత్రి స్కెచ్ చూపించాడు. కుర్చీలోంచి పడిపోయేంతగా నవ్వాను. బయటివాళ్లకు అంత నవ్వు రాకపోవచ్చు, ఒప్పుకుంటాను.

మీరూ దాంతోనే మొదలుపెట్టండి. అది 1970లో వచ్చింది. ఆ ఏడాది జూన్‌లోనే బ్రిటన్‌లో నిజం ఎన్నికలు జరిగాయి, కాబట్టి చూసేవాళ్లకు స్టూడియో హడావుడి ఇంకా కళ్లముందే ఉంది. అక్కడ పోలింగ్ అయిపోయిన రాత్రే లెక్కింపు మొదలవుతుంది. నియోజకవర్గంలోని అభ్యర్థులందరినీ వేదిక మీద వరుసగా నిలబెట్టి అధికారి ఒక్కొక్కరి ఓట్లు చదువుతాడు. ఈలోగా స్టూడియోలో పండితులు "స్వింగ్" గురించి మాట్లాడుతుంటారు, అంటే పోయినసారితో పోలిస్తే ఒక పార్టీ నుంచి ఇంకో పార్టీకి ఎంత శాతం ఓటు మళ్లిందనే లెక్క. దాన్ని చూపించడానికి స్వింగోమీటర్ అని పెద్ద ముల్లున్న బోర్డు ఉండేది. 60ల్లో రాబర్ట్ మెకెంజీ అనే ప్రొఫెసర్ బీబీసీలో దాని పక్కన నిలబడి ముల్లు అటూ ఇటూ జరుపుతూ వివరించేవాడు.

స్కెచ్‌లో పోటీ సెన్సిబుల్ పార్టీకీ సిల్లీ పార్టీకీ. మన లెక్కలో బుద్ధిమంతుల పార్టీ, తిక్క పార్టీ అనుకోండి. కొన్నిచోట్ల కొంచెం తిక్క పార్టీ, మహా తిక్క పార్టీ కూడా బరిలో ఉంటాయి. మహా తిక్క అభ్యర్థి పేరు ఎంతకీ అయిపోదు. అందులో మాటలతో పాటు నోటి చప్పుళ్లు, పాట ముక్కలు కూడా ఉంటాయి. అందరూ దానికే నవ్వుతారు. మీరు మాత్రం ఫలితం రాగానే స్టూడియోలో ఏం జరుగుతుందో చూడండి. యాంకర్ వేషంలో ఉన్న పైథాన్ నటుడు జాన్ క్లీస్ విశ్లేషకుడి వైపు తిరుగుతాడు. ఆయన మహా గంభీరంగా, ఇది దాదాపు నేను ముందే చెప్పినట్టే జరిగింది, కాకపోతే గెలిచింది తిక్క పార్టీ, పోలైన ఓట్ల సంఖ్యే దీనికి ముఖ్య కారణం అనుకుంటాను అంటాడు. ఇంకొకాయన స్వింగ్ ఉందంటాడు, ఎంత ఉందో మాత్రం చెప్పనంటాడు. మరొకాయన పాపం, నేను టీవీలో కనిపించడం ఇదే మొదటిసారండీ అని చెప్పుకోబోతే, టైం లేదు, ఇంకో ఫలితం వస్తోందని ఆపేస్తారు.

మా దగ్గర కౌంటింగ్ రోజు ఎలా ఉండేదో చెబుతాను. పోస్టల్ బ్యాలెట్లతో లెక్కింపు మొదలయ్యేది 8 గంటలకు. మా ప్యానెల్ 6 గంటలకే మేకప్ వేసుకుని, కాలర్ మైకులు పెట్టుకుని కూర్చునేది. ఇంకా ఒక్క ఓటు కూడా లెక్కపెట్టలేదు, కానీ మాట ఆగకూడదు. పీసీఆర్ (స్టూడియో కంట్రోల్ రూమ్) నుంచి యాంకర్ చెవిలో "లాగు లాగు, ఇంకా ఏం రాలేదు" అని మోగుతూనే ఉంటుంది. తర్వాత మొదటి రౌండ్‌లో ఎవరికో రెండొందల ఓట్ల ఆధిక్యం అనగానే, "ప్రజలు చాలా స్పష్టమైన తీర్పు ఇచ్చారు" అని ఒకరు అందుకుంటారు. మూడో రౌండ్‌లో తలకిందులైతే అదే నోటితో "నేను మొదట్నుంచీ చెబుతున్నది ఇదే కదండీ" అంటారు. ఆయన తెలివితక్కువవాడు కాదు, బ్రేక్ టైంలో మాట్లాడితే ఎన్నో విషయాలు చెబుతాడు. ఆ కుర్చీలో కూర్చోబెట్టి రెండు ఫలితాల మధ్య ఖాళీని నింపమంటే మీరూ నేనూ కూడా అదే అంటాం. పైథాన్ వాళ్లకు ఈ సంగతి బాగా తెలుసు. అందుకే వాళ్ల విశ్లేషకులు ఎవరూ వెకిలిగా నటించరు. కోటు, టై, కాగితాలు, గొంతు, అన్నీ అసలు టీవీ వాళ్లవే. చెప్పే మాటలో సరుకు మాత్రం తీసేశారు. మీరు వెతుకుతున్న జోకు అదే.

రెండోది 1972 నాటి ఆన్ ఎల్క్ ఇంటర్వ్యూ. ఇదీ పైథాన్ వాళ్లదే. గ్రాహం చాప్‌మన్ యాంకర్, క్లీస్ ఆడవేషంలో అతిథి ఆన్ ఎల్క్. ఆవిడ బ్రాంటోసారస్ అనే డైనోసార్ మీద కొత్త సిద్ధాంతం కనిపెట్టిందట. గొంతు సవరించుకుంటుంది, ఇది నా సిద్ధాంతం, అంటే నాకున్న సిద్ధాంతం, అది నాదే అంటుంది, మళ్లీ గొంతు సవరించుకుంటుంది. యాంకర్‌కు ఓపిక నశిస్తుంటే చివరికి బయటపెడుతుంది: బ్రాంటోసారస్ ఒక కొసన సన్నగా, మధ్యలో బాగా లావుగా, మళ్లీ రెండో కొసన సన్నగా ఉంటుంది. అంతే. మన డిబేట్లలో "ఒకే ఒక్క విషయం చెబుతానండీ, ఒకే ఒక్కటి" అని మొదలుపెట్టి, బ్రేక్ వచ్చేదాకా ఆ ఒక్కటీ చెప్పని పెద్దమనుషులను తలుచుకుని చూడండి.

పైథాన్‌లో ఇంకొకటి కూడా ఉంది, 1970లోదే: మార్క్స్, లెనిన్, చే గువేరా, మావోలను స్టూడియోలో కూర్చోబెట్టి ఫుట్‌బాల్ క్విజ్ ప్రశ్నలు వేస్తారు. కోవెంట్రీ సిటీ జట్టు ఇంగ్లండ్ ఫుట్‌బాల్ పోటీ ఎఫ్‌ఏ కప్‌ను చివరిసారి ఎప్పుడు గెలిచిందని అడిగి, ఎవరూ చెప్పలేకపోతే, అసలెప్పుడూ గెలవలేదు, అది తిరకాసు ప్రశ్న అంటాడు యాంకర్. 1987లో కోవెంట్రీ నిజంగానే కప్ గెలిచి ఆ జోకును పాడుచేసింది.

ఆటల విశ్లేషణ మీద అయితే 'ద ఫాస్ట్ షో' అనే స్కెచ్ కార్యక్రమంలో పాల్ వైట్‌హౌస్ వేసిన రాన్ మేనేజర్ పాత్ర చాలు. మ్యాచ్ గురించి అడిగితే చిన్నప్పుడు పార్కులో స్వెటర్లే గోల్‌పోస్టులుగా పెట్టుకుని ఆడిన ఆట దగ్గరికి వెళ్లిపోతాడు, ఒక్క వాక్యమూ పూర్తిచేయడు. ఇది వివరించేది కాదు, వినాలి.

'ద డే టుడే' వేరే రకం, మొత్తం వార్తల బులెటిన్‌కే పేరడీ. క్రిస్ మోరిస్, అర్మాండో ఇయనూచీ రేడియోలో 'ఆన్ ది అవర్' పేరుతో చేసినదాన్ని 1994లో బీబీసీ2లో ఆరు భాగాలుగా తీశారు. అందులో యుద్ధం వచ్చే భాగం తప్పకుండా చూడండి. ఆస్ట్రేలియా, హాంకాంగ్ ప్రతినిధులు వాణిజ్య ఒప్పందం మీద హాయిగా మాట్లాడుతుంటే యాంకర్ ఇద్దరినీ ఎగదోసి లైవ్‌లోనే యుద్ధం తెప్పిస్తాడు. మరుక్షణం స్టూడియోలో యుద్ధం లోగో, యుద్ధం మ్యూజిక్, యుద్ధం విలేఖరులు, అన్నీ సిద్ధం. ఇదంతా అతి అనుకునేరు. ఎవరైనా పెద్ద నాయకుడు ఆస్పత్రిలో చేరాడని తెలియగానే మా ఎడిట్ సూట్‌లో నివాళి ప్యాకేజీ, విషాద సంగీతంతో సహా, రెడీ అయిపోయేది. ఆయన కోలుకుని ఇంటికెళ్తే ఫైల్ అలాగే దాచేవాళ్లం. స్టీవ్ కూగన్ వేసిన అలన్ పార్ట్రిడ్జ్ కూడా అప్పట్లో ఆ ముఠాలోనివాడే. ఆటల గురించి ఓనమాలు తెలియని స్పోర్ట్స్ విలేఖరి.

కొత్త కాలానిది కావాలంటే 'దట్ మిచెల్ అండ్ వెబ్ లుక్' (2006 నుంచి 2010). ప్రేక్షకుల అభిప్రాయాలు అడిగే యాంకర్ల మీద అందులో ఒక చిన్న స్కెచ్ ఉంది. మీకు ఈ విషయం గురించి ఏమీ తెలియకపోవచ్చు, అయినా ఏదో ఒకటి అనిపిస్తూనే ఉంటుంది కదా, అదే మాకు చెప్పండి అని బతిమాలతారు. స్క్రోలింగ్‌లో "మీ అభిప్రాయం ఎస్సెమ్మెస్ చేయండి" అని వేయించినదాన్ని, నాకు అది గట్టిగానే తగిలింది.

సబ్‌టైటిల్స్ పెట్టుకోండి, కానీ ఎన్నికల స్కెచ్ మొదటి నిమిషం సౌండ్ తీసేసి చూడండి. నిజం వార్తలకూ దానికీ తేడా కనిపెట్టలేరు.

'బ్రాస్ ఐ'ని మాత్రం చివరికి ఉంచుకోండి. 1997లో ఛానల్ 4లో వచ్చింది, చేసింది మళ్లీ క్రిస్ మోరిసే. అందులో మాట్లాడేది నటులు కాదు, నిజం ప్రముఖులు. "కేక్" అని లేని మత్తుమందును ఒకదాన్ని పుట్టించి, దాని ప్రమాదాల గురించి హెచ్చరించమని అడిగితే, చేతికిచ్చిన కాగితం చూసి పెద్ద పెద్దవాళ్లు కెమెరా ముందు సీరియస్‌గా హెచ్చరించారు. డేవిడ్ అమెస్ అనే ఎంపీ అయితే ఆ మందు గురించి బ్రిటిష్ పార్లమెంటులో ప్రశ్న కూడా వేశారు.