పాత బేస్‌బాల్ ఫోటోలో పేరు తెలియని ఆటగాణ్ణి గుర్తించడం ఎలా?

పేర్లు రాసి లేని పాత బేస్‌బాల్ ఫోటోలలోని ఆటగాళ్ళను ముఖాలు పోల్చే యాప్‌తో గుర్తించవచ్చునా అని అడిగారు. ఒహాయోలో ఉంటూ కొన్నేళ్ళుగా ఇటువంటి ఫోటోలు సేకరిస్తున్నాను కనుక నా అనుభవం చెబుతాను. ముఖంతో మొదలుపెడితే దారి తప్పడమే ఎక్కువ. వెలిసిపోయిన ఫోటోలో, టోపీ నీడ పడిన కుర్రాళ్ళందరూ ఒకేలా కనిపిస్తారు. ముందు చొక్కాను బట్టి జట్టునూ సంవత్సరాన్నీ తేల్చుకుంటే, వేలమందిలో వెతకవలసిన పని పాతిక ముప్ఫై మందికి తగ్గుతుంది.

నాకు ఇది ఒక ఫోటో వల్ల తెలిసివచ్చింది. ఎస్టేట్ సేల్‌లో (చనిపోయినవారి ఇంటి సామాన్ల అమ్మకంలో) కొన్న ఆ ఫోటో వెనుక పెన్సిల్‌తో ‘రే చాప్‌మన్’ అని రాసి ఉంది. చాప్‌మన్ క్లీవ్‌లాండ్ జట్టు షార్ట్‌స్టాప్, అంటే రెండో, మూడో బేస్‌ల మధ్య నిలబడే ఫీల్డర్. 1920 ఆగస్టు 16న న్యూయార్క్ పోలో గ్రౌండ్స్ మైదానంలో యాంకీస్ జట్టు ఆటగాడు కార్ల్ మేస్ విసిరిన బంతి తలకు తగిలి, మరునాడు తెల్లవారకముందే కన్నుమూశాడు. చొక్కా క్లీవ్‌లాండ్‌దే కావడంతో చాలా రోజులు ఆ పేరునే నమ్మాను. ఒకరోజు ఫోటోను స్కాన్ చేసి పెద్దదిగా చూస్తే చేతికి నల్ల పట్టీ కనిపించింది. చాప్‌మన్ పోయాక సహచరులు సంతాపంగా కట్టుకున్న పట్టీ అది. కనుక ఆ మనిషి చాప్‌మన్ కాలేడు. బహుశా ఎవరో అభిమాని ఆ పేరును జ్ఞాపకార్థం రాసుకుని ఉంటారు. అప్పటినుంచి ఫోటో వెనుక రాతను నేను సాక్ష్యంగా కాక, పరీక్షించవలసిన మాటగానే చూస్తున్నాను.

ఆ పట్టీయే కాలాన్ని కూడా తేల్చింది. 1920 అక్టోబరులో వరల్డ్ సిరీస్ (అమెరికా బేస్‌బాల్ ఛాంపియన్‌షిప్) గెలిచిన క్లీవ్‌లాండ్, 1921లో చొక్కాల మీద ‘వరల్డ్స్ ఛాంపియన్స్’ అని రాయించుకుంది; నా ఫోటోలో ఆ అక్షరాలు లేవు. అంటే 1920 ఆగస్టు చివరి నుంచి అక్టోబరు లోపలిది. సెప్టెంబరులో వచ్చి చేరిన జో సీవెల్ వంటివారిని కూడా అప్పుడు జాబితాలో కలుపుకోవాలి.

వీపు మీది అంకెల మీద ఆశ పెట్టుకోకండి. యాంకీస్ 1929లో బ్యాటింగ్ వరుసను బట్టి తమ ఆటగాళ్ళు బేబ్ రూత్‌కు 3, లూ గెరిగ్‌కు 4 ఇచ్చే వరకు అంకెలు లేని ఫోటోలే దాదాపు అన్నీ. చొక్కా చేతి మీద బేస్‌బాల్ శతవార్షికోత్సవ బిళ్ళ ఉంటే మాత్రం అది 1939.

జాబితా చిన్నదయ్యాక చెవులు చూడండి. వయసుతో చెవి కాస్త సాగుతుందే గాని, లోపలి మడతల తీరూ, తమ్మె చెంపకు అతుక్కుని ఉందా వేలాడుతోందా అన్నదీ పెద్దగా మారవు. అయితే ఒకే మనిషికి రెండు చెవులూ ఒకేలా ఉండవు కనుక ఎడమ చెవిని ఎడమ చెవితోనే పోల్చాలి. 19వ శతాబ్దపు టిన్‌టైప్ (పలుచని ఇనుప రేకు మీద తీసిన ఫోటో) అయితే బొమ్మ అద్దంలో లాగా తిరగబడి ఉంటుంది. అందులో ఎడమచేతి వాటంగా కనిపించేవాడు నిజానికి కుడిచేతి వాటం వాడు. పోల్చుకోవడానికి లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ ఉచితంగా చూపిస్తున్న బెయిన్ న్యూస్ సర్వీస్ అనే పాత వార్తాఫోటోల సంస్థ గాజు నెగటివ్‌లు ఎంతో మేలు. వాటిమీద గీకిన పేర్లలోనూ తప్పులున్నాయి, అందుకే ఒక్క ఫోటోతో తృప్తి పడకుండా కనీసం మూడింటితో పోల్చండి.

నా ఫోటోకు చివరికి ఇద్దరు మిగిలారు. తమ్మె తీరు చూసి ఒకరిని తీసేశాను. రెండోవారి పేరు పక్కన ‘కావచ్చు’ అని రాసి, వెనుక ఉన్న పాత రాతను చెరపకుండా దాచాను. మీ ఫోటో కాలరు, చేతులు, టోపీ మీది అక్షరం దగ్గరగా స్కాన్ చేసి పెట్టండి, సంవత్సరం తేల్చడానికి నేనూ ప్రయత్నిస్తాను.