నేవీలో చేశాను.. ఒంట్లో విషాలు తేల్చే టెస్ట్ ఏది డాక్టర్?

ప్రశ్న: నా వయసు 62. నేవీలో ఇంజిన్ రూమ్‌లో 15 ఏళ్లు పనిచేసి రిటైరయ్యాను. తర్వాత ఓడల రిపేరు కాంట్రాక్టరు దగ్గర ఇంకో పదేళ్లు చేశాను. అమెరికాలో మాజీ సైనికులందరికీ విషపదార్థాల స్క్రీనింగ్ చేస్తున్నారని వీడియోలో చూశాను. అలాంటి టెస్ట్ మన విశాఖలో ఎక్కడ చేస్తారు? ఒక ల్యాబ్ వాళ్లు ఫుల్ బాడీ ప్యాకేజీ, దాంతోపాటు డీటాక్స్ కోర్సు చెబుతున్నారు. చేయించుకోవచ్చా? రెండు నెలలుగా పొడిదగ్గు, మెట్లెక్కితే కొంచెం ఆయాసం. మెడికల్ షాపు మందులతో తగ్గి మళ్లీ వస్తోంది. సిగరెట్ మానేసి నాలుగేళ్లయింది.
– ఒక పాఠకుడు, మల్కాపురం

జవాబు: మీరు టెస్టుల గురించి ఇంత రాసి, దగ్గు సంగతి చివర్లో ఒక్క ముక్కలో తేల్చేశారు. నేను దగ్గుతోనే మొదలుపెడతాను. రెండు వారాలు దాటిన దగ్గు ఏదైనా సరే, మన దేశంలో ముందు టీబీ ఉందో లేదో చూడాలి. రేపే వెళ్లి ఛాతీ ఎక్స్‌రే, కళ్లె పరీక్ష చేయించుకోండి. పొడిదగ్గే కదా అనకండి, పొద్దున్నే గట్టిగా దగ్గితే కాస్త కళ్లె పడొచ్చు. ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఈ పరీక్షలు ఉచితం. పెదవాల్తేరులో ఛాతీ ఆసుపత్రే ఉంది.

'తగ్గి మళ్లీ వస్తోంది' అన్నారు చూడండి, నాకు నచ్చనిది అదే. షాపులో ఏం ఇచ్చారో రాయలేదు. నా దగ్గరికొచ్చే చాలామంది జేబులో లెవోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ స్ట్రిప్పో, చిన్న స్టెరాయిడ్ బిళ్లలో కనిపిస్తుంటాయి. లెవోఫ్లాక్సాసిన్ టీబీ క్రిమి మీద కూడా కొంత పనిచేస్తుంది. దాంతో నాలుగు రోజులు హాయిగా ఉంటుంది, కళ్లెలో క్రిమి దొరకదు, జబ్బు మాత్రం లోపల పెరుగుతుంటుంది. స్టెరాయిడ్‌తో ఆయాసం తగ్గినట్టే ఉంటుంది, షుగర్ పెరుగుతుంది, టీబీ ఉంటే ముదురుతుంది. ఆ షాపు కుర్రాడు మంచివాడే అయ్యుండొచ్చు. కానీ స్టెతస్కోపు పెట్టి మీ వీపు వినలేదు కదా! వాడిన స్ట్రిప్పులు పారేయకుండా డాక్టరుకు చూపించండి. స్టెరాయిడ్ వారాల తరబడి వాడుతుంటే మాత్రం ఇది చదివి మీ అంతట మీరు ఆపేయకండి, ఎలా తగ్గించాలో డాక్టరే చెప్పాలి.

ఇప్పుడు మీ ఇంజిన్ రూమ్. పాత ఓడల్లో బాయిలర్లకు, ఆవిరి పైపులకు వేడి ఆపడానికి చుట్టిన లాగింగ్‌లో, గాస్కెట్లలో ఆస్‌బెస్టాస్ (రాతినార) ఉండేది. రిపేరులో దాన్ని పీకినప్పుడు రేగే దుమ్ములోని పోగులు ఊపిరితిత్తుల్లో దిగి అక్కడే ఉండిపోతాయి. జబ్బు బయటపడటానికి మామూలుగా 20 నుంచి 40 ఏళ్లు పడుతుంది. 'మానేసి ఎన్నేళ్లయిందో' అనే ధీమా ఇక్కడ పనికిరాదు, జబ్బు బయటపడే ఆ కాలం మీకు ఇప్పుడే వచ్చింది. దానికి సిగరెట్ తోడైతే ఊపిరితిత్తుల క్యాన్సర్ ముప్పు బాగా పెరుగుతుంది. మానేయడం మంచి పని, ముప్పు తగ్గుతుంది, పూర్తిగా పోదు.

అందుకని టీబీ లేదని తేలాక కూడా ఆగకండి. ఊది చూసే స్పైరోమెట్రీ, కుదిరితే ఊపిరితిత్తుల నుంచి రక్తంలోకి గాలి ఎంత బాగా చేరుతోందో చెప్పే డీఎల్‌సీవో చేయించుకోండి. ఎక్స్‌రే బాగున్నా తొలిదశ ఆస్‌బెస్టోసిస్ (ఆ పోగుల వల్ల ఊపిరితిత్తులు గట్టిపడే జబ్బు) అందులో దొరక్కపోవచ్చు, మీ లక్షణాలకు హెచ్‌ఆర్‌సీటీ (ఊపిరితిత్తులను వివరంగా చూపే సీటీ స్కాన్) అవసరం పడొచ్చు. అది చూసే డాక్టరు నిర్ణయం, మీరే సెంటరుకెళ్లి తీయించుకునేది కాదు. ఈలోగా రెండు చూపుడువేళ్ల గోళ్లను వీపు-వీపు కలిపినట్టు ఆనించి వెలుతురులో చూడండి. మధ్యలో చిన్న వజ్రం ఆకారంలో సందు కనిపించాలి. అది మూసుకుపోయి వేలికొసలు గుండ్రంగా ఉబ్బి ఉంటే డాక్టరుకు తప్పక చెప్పండి. సందు ఉంది కదాని వెళ్లడం మానకండి.

అమెరికా సంగతికొస్తే, 2022లో అక్కడ విషపదార్థాల బారిన పడ్డ మాజీ సైనికుల కోసం పాక్ట్ చట్టం వచ్చాక వాళ్ల వైద్య విభాగంలో నమోదైన మాజీ సైనికులకు ఆ స్క్రీనింగ్ చేస్తున్నారు. అందులో ఉండేది ప్రధానంగా ప్రశ్నలే: ఎక్కడ పనిచేశారు, ఏ పొగ పీల్చారు, ఏం ముట్టుకున్నారు. కనీసం ఐదేళ్లకోసారి మళ్లీ అడుగుతారు. రక్తం తీసి విషాలన్నీ తేల్చే టెస్ట్ అక్కడా లేదు, ఇక్కడా లేదు. 2020 మేలో ఆర్.ఆర్.వెంకటాపురంలో స్టైరీన్ గ్యాస్ లీకైన తర్వాత చాలాకాలం మా ఓపీలో ఇదే ప్రశ్న. స్టైరీన్ కొద్ది రోజుల్లోనే మూత్రంలో వెళ్లిపోతుంది, ఏళ్ల తర్వాత వెతికితే ఏం దొరుకుతుంది? ఆస్‌బెస్టాస్ దీనికి పూర్తిగా ఉల్టా, ఒంట్లోనే ఉంటుంది గానీ రక్తపరీక్షలో పడదు. డీటాక్స్ కోర్సు దాన్ని బయటకు తీయలేదు. ఆ డబ్బు దాచుకోండి.

ఒక తెల్లకాగితం మీద ఏ ఓడ, ఏ సంవత్సరాలు, ఏ పని, మాస్కు ఉండేదా, రోజుకు ఎన్ని సిగరెట్లు, ఎన్నేళ్లు కాల్చారో రాసుకెళ్లండి. పెయింట్లు, థిన్నర్ల పని చేసి ఉంటే అదీ రాయండి, రక్తం, మూత్రం మామూలు పరీక్షలు కూడా చూస్తారు. పెన్షనర్ అయితే ఈసీహెచ్‌ఎస్ (మాజీ సైనికుల వైద్య పథకం) కార్డు ఉండే ఉంటుంది, దాని పాలీక్లినిక్‌లో చూపిస్తే స్పెషలిస్టుకు రెఫర్ చేస్తారు. కళ్లెలో రక్తం, ఛాతీనొప్పి, కారణం లేకుండా బరువు తగ్గడం, కూర్చున్నా ఆయాసం, వీటిలో ఏది కనిపించినా అపాయింట్‌మెంట్ కోసం ఆగకుండా వెంటనే వెళ్లండి.

మీరు అడగలేదు గానీ, ఆ రోజుల్లో మీ డాంగ్రీలు (పనిబట్టలు) ఇంట్లో ఎవరు ఉతికేవారు? మీ ఆవిడ అయితే, ఆమెకూ దగ్గో ఆయాసమో ఉంటే వెంట తీసుకెళ్లండి. బట్టల మీద దుమ్ముతో ఇంట్లోవాళ్లకూ ఈ జబ్బులు వచ్చిన సందర్భాలున్నాయి. మిమ్మల్ని చూడకుండా రాసిన సలహా ఇది, మందులేవీ చెప్పకపోవడానికి కారణం అదే.

– పల్మనాలజిస్ట్, విశాఖపట్నం