అటారీ ఎస్‌టీలో న్యూస్‌లెటర్‌కి ఏ డీటీపీ సాఫ్ట్‌వేర్ మంచిది?

మీరు అడిగింది ఇది: 1980ల నాటి అటారీ ఎస్‌టీ కంప్యూటర్లలో 1040 ఎస్‌టీఎఫ్‌ఎమ్, మెమరీ 1 మెగాబైట్, నలుపు తెలుపు ఎస్‌ఎమ్124 మానిటర్, 24 పిన్నుల డాట్ మ్యాట్రిక్స్ ప్రింటర్. హార్డ్ డిస్క్ లేదు. ఇంగ్లీషులో నాలుగు పేజీల న్యూస్‌లెటర్ వేయాలి. టైమ్‌వర్క్స్ పబ్లిషర్, కాలమస్, పేజ్‌స్ట్రీమ్ ఈ మూడు డీటీపీ (పేజీలు కట్టి ప్రింటుకి సిద్ధం చేసే) ప్రోగ్రాముల్లో ఏది తీసుకోవాలి?

కాలమస్ తీసుకోండి. వీలైతే మెమరీ కూడా పెంచండి. సాఫ్ట్‌వేర్ డబ్బా మీద రాసిన సౌకర్యాల జాబితా చూసి ఎంచుకుంటే దెబ్బతింటారు. అక్షరం చుక్కలుగా మారేది ఎక్కడ, ఎప్పుడు అన్నదొక్కటే ఈ మూడింటికీ అసలు తేడా.

టైమ్‌వర్క్స్ పబ్లిషర్‌లో అక్షరాలు ముందే చుక్కలుగా గీసి పెట్టిన బొమ్మలు. స్క్రీన్‌కి ఒక సెట్టు, ప్రింటర్‌కి ఇంకో సెట్టు, అందులో మళ్లీ ఒక్కో సైజుకి ఒక్కో ఫైలు. డిస్కులో 10, 14, 18 పాయింట్లే ఉండి మీరు 36 అడిగారనుకోండి, 18నే సాగదీసి ఇస్తుంది. హెడ్డింగ్ అంచులు మెట్లుమెట్లుగా వస్తాయి. దీని వెనక పనిచేసేది జీడాస్ అనే సిస్టమ్ ప్రోగ్రామ్, స్క్రీన్‌కీ ప్రింటర్‌కీ ఫాంట్లు అందించేది అదే. అది ఎస్‌టీ రోమ్‌లో (మెషీన్లో శాశ్వతంగా ఉండే చిప్పుల్లో) ఉండదు, బూట్ డిస్కులో ఆటో ఫోల్డర్ (మెషీన్ ఆన్ కాగానే ప్రోగ్రాములు వాటంతటవే నడిచే ఫోల్డర్) నుంచి ఎక్కాలి. ఏ పరికరానికి ఏ ఫాంట్లో చెప్పే అసైన్.సిస్ అనే టెక్స్ట్ ఫైలు అదే డిస్కులో, ఫోల్డర్లన్నిటికీ బయట ఉండాలి. అందులో 04 అంటే మోనో స్క్రీన్, 21 అంటే ప్రింటర్. ఎక్కువ మంది ఇరుక్కునేది ఇక్కడే: 04 కింద ఫాంటు పేరు రాసి 21 కింద మర్చిపోతారు. స్క్రీన్ మీద అంతా సవ్యంగా కనిపిస్తుంది, కాగితం మీద వేరే అక్షరం పడుతుంది. పైగా జీడాస్ ఎక్కితే స్క్రీన్ కదలిక మందగిస్తుంది. దాని బదులు కోడ్‌హెడ్ వాళ్ల జీ ప్లస్ వాడితే ఆ బాధ తగ్గుతుంది. ఇంత చెప్పినా టైమ్‌వర్క్స్‌ని తీసిపారేయలేం. ఫ్రేములు (టెక్స్ట్, బొమ్మలు పెట్టే గళ్లు), పేరా స్టైళ్లు చక్కగా ఉంటాయి, ఫస్ట్ వర్డ్ ప్లస్ ఫైళ్లు నేరుగా తీసుకుంటుంది, మూడింట్లో త్వరగా చేతికొచ్చేది ఇదే. రెండు మూడు సైజులతో సరిపెట్టుకోగలిగితే పని నడుస్తుంది.

పేజ్‌స్ట్రీమ్ పాత పేరు పబ్లిషింగ్ పార్ట్‌నర్. జీడాస్‌తో పని లేదు. పోస్ట్‌స్క్రిప్ట్ భాష తెలిసిన లేజర్ ప్రింటర్ మీదో, ఇమేజ్‌సెట్టర్ (ప్రెస్సుల్లో ఫిల్మ్ తీసే యంత్రం) మీదో చివరి ప్రింటు తీయించే ఆలోచన ఉంటే వెనకాడకుండా దీన్నే తీసుకోండి. కలర్ మానిటర్ ఉన్నా ఇదే నయం. డాట్ మ్యాట్రిక్స్ మీద మాత్రం చాలా నెమ్మది.

కాలమస్ 1987లో జర్మనీలోని డీఎమ్‌సీ తెచ్చింది. అక్షరాన్ని గీతల రూపంలో ఉంచుకుని, స్క్రీన్‌కైనా ప్రింటర్‌కైనా అదే గీత నుంచి అప్పటికప్పుడు చుక్కలు లెక్కగడుతుంది. అందుకే స్క్రీన్ మీద లైను ఎక్కడ విరిగితే కాగితం మీదా అక్కడే విరుగుతుంది, 37 పాయింట్లు అడిగినా అంచు నున్నగా వస్తుంది. 24 పిన్నుల ప్రింటర్ ఉన్నవాళ్లకి ఇంతకంటే మంచి మాట లేదు. ఇది మోనో మానిటర్ మీదే నడుస్తుంది, మీకు అది ఉంది కాబట్టి దిగుల్లేదు. ఐకాన్ల గుంపు మొదట కంగారు పెడుతుంది. ముందు ఫాంట్లు ఎక్కించడం, తర్వాత ఫ్రేము గీయడం, ఆ తర్వాతే టెక్స్ట్ పోయడం: ఈ వరస తప్పకండి. ఎక్కించిన ప్రతి ఫాంటూ మెమరీ తింటుంది. బాడీకి మామూలు, ఇటాలిక్, హెడ్డింగ్‌కి ఒకటి, మొత్తం మూడు చాలు.

ఇక మెమరీ లెక్క. ఏ4 పేజీని చుక్కల్లో పూర్తిగా పరిస్తే 180 డీపీఐలో (అంగుళానికి 180 చుక్కలు) సుమారు 380 కిలోబైట్లు, లేజర్ వాడే 300లో 1,060, 360లో 1,530 అవుతుంది. మీ మెషీన్లో మొత్తం ఉన్నదే 1,024. టాస్ (ఎస్‌టీ ఆపరేటింగ్ సిస్టమ్), ప్రోగ్రామ్, ఫాంట్లు పోగా మిగిలేది కొంచెమే. అందుకే పేజీని పట్టీలుగా కోసి ఒక్కో పట్టీ తయారుచేసి పంపాల్సి వస్తుంది, మధ్యమధ్య ప్రింటర్ ఆగుతుంది. డెస్క్ యాక్సెసరీలు (బూట్ అయ్యేటప్పుడే మెమరీలో ఎక్కి కూర్చునే చిన్న ప్రోగ్రాములు) తీసేస్తే కొంత ఊపిరి ఆడుతుంది. ఫైలు పేరు చివర ఏసీసీ తీసి ఏసీఎక్స్ పెట్టి, రీసెట్ నొక్కండి. ఎస్‌టీఎఫ్‌ఎమ్‌లో మెమరీ పెంచాలంటే బోర్డు మీద టంకం పని. 1040 ఎస్‌టీఈ దొరికితే అందులో నాలుగు సిమ్ (మెమరీ కార్డు) స్లాట్లు ఉంటాయి. 1 మెగాబైట్ సిమ్‌లు నాలుగు పెడితే 4 మెగాబైట్లు, ఈ వరసలో అదే గరిష్ఠం.

360 డీపీఐ అనగానే సంబరపడకండి. పిన్ను మందం సుమారు 0.2 మిల్లీమీటర్లు, చుక్కకీ చుక్కకీ మధ్య దూరం 0.07. అంటే చుక్కలు ఒకదాని మీద ఒకటి పడతాయి. కొత్త రిబ్బన్‌తో 8 పాయింట్ల అక్షరాలు కొట్టి భూతద్దం పెట్టి చూడండి: ఇంగ్లీషు ‘ఈ’ చిన్నక్షరంలోని కన్ను సిరాతో పూడిపోయి ఉంటుంది. బాడీ 10 పాయింట్లకి తగ్గించకండి. కొత్త రిబ్బన్‌తో ముందు ప్రూఫులు 180లో తీసి, కాస్త అరిగాక ఫైనల్ 360లో తీయండి. ఏ4 పొడవునా హెడ్ 180లోనే 88 సార్లు నడవాలి, 360లో దానికి కనీసం రెట్టింపు. కాగితం వెంట్రుకవాసి జారినా తెల్లగీత పడుతుంది, కాబట్టి ప్రింటింగ్ మొదలయ్యాక నాబ్ ముట్టుకోకండి.

న్యూస్‌లెటర్ ఏ5 సైజులో ఉన్నా ఫర్వాలేదనుకుంటే ఇంకా మంచి దారి ఉంది. పేజీని ఏ4లో 14 పాయింట్లతో కట్టి 180లోనే ప్రింటు తీసి, జిరాక్స్‌లో 71 శాతానికి తగ్గించండి. అక్షరం 10 పాయింట్లకి దిగుతుంది, నాణ్యత 250 డీపీఐ దాటుతుంది, పూడిన కన్నుల గొడవా ఉండదు.

టెక్స్ట్ అంతా వర్డ్ ప్రాసెసర్లోనే కొట్టుకోండి. ఫస్ట్ వర్డ్ ప్లస్‌లో ‘డబ్ల్యూపీ మోడ్’ ఆపి సేవ్ చేస్తే ప్రతి లైను చివరా ఎంటర్ పడుతుంది, కాలమ్‌లో పోశాక పేరా ముక్కలు ముక్కలవుతుంది. కొట్టేటప్పుడు ఆ మోడ్ ఆన్‌లోనే ఉంచండి. ఆస్కీ (హంగులేవీ లేని ఉత్త అక్షరాల) ఫైలే కావాలంటే కాపీ తీసుకుని పేరాకి ఒక్క ఎంటరే మిగిలేలా శుభ్రం చేయండి.

ఫ్లాపీలతో చేస్తున్నారు కాబట్టి ఇది మరీ ముఖ్యం. డిస్కు మారిందా లేదా అన్నది ఎస్‌టీ డిస్కులోని సీరియల్ నంబరుని బట్టి పోల్చుకుంటుంది. డిస్కుని ఉన్నదున్నట్టు కాపీ చేసే ప్రోగ్రాముతో కాపీ తీస్తే రెండింటికీ ఒకే నంబరు ఉండొచ్చు. ఒకటి తీసి రెండోది పెట్టినా మెషీన్ గుర్తుపట్టదు, పాత డిస్కు పట్టికని కొత్త డిస్కు మీద రాసేస్తుంది, పేజీలన్నీ పోతాయి. అందుకే పేజీల డిస్కుకి బ్యాకప్ తీసేటప్పుడు, కొత్తగా ఫార్మాట్ చేసిన డిస్కులోకి ఫైళ్లని మౌస్‌తో లాగి కాపీ చేయండి.