డెబియన్‌కు వార్త రాసేముందు

చి. సౌజన్యకు ఆశీస్సులు.

లైనక్స్ ఆధారంగా నడిచే డెబియన్ ఆపరేటింగ్ సిస్టమ్ మీద వార్తలు రాస్తానని ముందుకొచ్చావు, చాలా సంతోషం. ఏం మారిందో, అది ఎవరికి వర్తిస్తుందో మామూలు మనిషికి అర్థమయ్యేలా చెప్పేవాళ్ళ అవసరం ఎప్పుడూ ఉంటుంది.

ఎవరో రాసిన వార్త చూసి వార్త రాయకు. ప్యాకేజీ ఛేంజ్‌లాగ్ (మార్పుల చిట్టా), రిలీజ్ నోట్స్, సెక్యూరిటీ ప్రకటన తెరిచి పెట్టుకుని రాయి. 2024 మార్చి 29న బయటపడ్డ, ఫైళ్ళను కుదించే ఎక్స్‌జెడ్ సాఫ్ట్‌వేర్‌లో దొంగ కోడ్ దూర్చిన వ్యవహారమే తీసుకో. "లైనక్స్ సర్వర్లన్నిటికీ ముప్పు" అని రాస్తే అది తప్పు వార్త. ఆ కోడ్ చేరింది 5.6.0, 5.6.1 వెర్షన్లలో. డెబియన్‌లో అవి ఇంకా తయారీలో ఉండే టెస్టింగ్, అన్‌స్టేబుల్, ఎక్స్‌పెరిమెంటల్ శాఖల దాకానే వచ్చాయి, మామూలు వాడకానికి విడుదల చేసే స్టేబుల్‌లోకి రాలేదు. స్టేబుల్ వాడేవాళ్ళు ముందు వెతికేది ఆ మాటే కాబట్టి అది మొదటి వాక్యంలోనే ఉండాలి.

సరిచేసిన ప్యాకేజీ వెర్షన్ ఇంకా చిత్రం: 5.6.1+రియల్లీ5.4.5-1. లోపల ఉన్నది పాత 5.4.5 కోడే. కానీ వెర్షన్ అంకె తగ్గితే, ప్యాకేజీలు ఎక్కించే ఆప్ట్ ప్రోగ్రామ్ దాన్ని అప్‌గ్రేడ్‌గా తీసుకోదు, అందుకని ముందు 5.6.1 ఉంచారు. ఈ ముక్క చెప్పకపోతే, అప్‌డేట్ చేసుకున్నాక కూడా 5.6.1 కనబడి జనం కంగారుపడతారు.

ఇక పంపే పద్ధతి. డెబియన్ బ్లాగు బిట్స్ ఫ్రమ్ డెబియన్ రాతలు, డెబియన్ వాళ్ళు కోడ్ దాచుకునే సల్సా సైట్‌లో, గిట్ రిపోజిటరీలో మార్క్‌డౌన్ (తేలిక గుర్తులతో రాసే మామూలు టెక్స్ట్) ఫైళ్ళుగా ఉంటాయి, పెలికన్ అనే ప్రోగ్రామ్ వాటిని పేజీలుగా మారుస్తుంది. ఫైలు పైన టైటిల్, స్లగ్ (పేజీ చిరునామాలో వచ్చే పేరు), డేట్, ఆథర్, ట్యాగ్స్, స్టేటస్ వరుసలుంటాయి. స్టేటస్‌ను డ్రాఫ్ట్‌గా పెట్టి మెర్జ్ రిక్వెస్ట్ (నీ మార్పు చేర్చుకోమనే వినతి) పంపు. ప్రచురించాక స్లగ్ జోలికి పోవద్దు, పాత లింకులన్నీ తెగిపోతాయి. తేదీలు యూటీసీలో (ప్రపంచ ప్రామాణిక సమయంలో) చూసుకో. అక్కడ సాయంత్రం 6:30 అయ్యేసరికి మనకు మర్నాడు మొదలవుతుంది. 2025 ఆగస్టు 9న విడుదలైన డెబియన్ 13 ట్రిక్సీని మన గడియారం చూసి 10వ తేదీ అని రాస్తే తప్పవుతుంది.

విడుదల రోజు తొందర అసలు వద్దు. ప్యాకేజీల ఆర్కైవ్‌లో మార్పు కనిపించినా ఇన్‌స్టాలర్ ఇమేజిల పరీక్షలు ఇంకా సాగుతుంటాయి, నకళ్ళు ఉంచే మిర్రర్ సర్వర్లకు అన్నీ చేరి ఉండవు. అధికారిక ప్రకటన వచ్చేదాకా ఆగు. బయటపెట్టని భద్రతా లోపం చెవిన పడితే మాత్రం డ్రాఫ్ట్ కూడా సల్సాలో పెట్టకు. అక్కడ పెడితే అందరికీ చెప్పేసినట్టే.

స్క్రీన్‌షాట్లలో నీ యూజర్ పేరు, మెషీన్ పేరు లేకుండా చూసుకో. వేరేవాళ్ళ బొమ్మ వాడితే లైసెన్సు, గీసినవాళ్ళ పేరు రాయి.

తెలుగులోకి తెస్తే స్లగ్ అదే ఉంచి భాష కోడ్ మాత్రం మార్చు, పెలికన్ రెండిటినీ కలుపుతుంది. కమాండ్లను అనువదించకు. మెనూ పేర్లయితే తెలుగులో పెట్టిన గ్నోమ్ డెస్క్‌టాప్‌లో తెర మీద ఎలా కనిపిస్తే అలాగే రాయి, లేకపోతే చదివినవాళ్ళకు ఆ మెనూ దొరకదు.

మొదటి వార్తకు ఒక పాయింట్ రిలీజ్ (స్టేబుల్‌కు దిద్దుబాట్లతో వచ్చే చిన్న విడుదల) ఎంచుకో. పాత ప్రకటనలు నమూనాగా ఉన్నాయి, మార్పుల పట్టికా సిద్ధంగా దొరుకుతుంది. డ్రాఫ్ట్ అవగానే, ప్రతి వాక్యానికీ మూలం లింకు పక్కన పెట్టి నాకు పంపు. చూసి చెబుతాను.