జామెట్రీ భయం పాపదా, మీదా?

ప్రశ్న: మాది రాయగడ. పాప పదో తరగతి దాకా ఒడియా మీడియం, ఇప్పుడు బీటెక్ మూడో ఏడు. ఎమ్మెస్‌కి అమెరికా పంపాలనుకుంటున్నాం. అక్కడి అడ్మిషన్‌కి రాసే జీఆర్‌ఈ పరీక్ష మాక్ టెస్టులో లెక్కలకి 151 వచ్చింది. ఆల్జీబ్రా, జామెట్రీ బేసిక్స్ లేవంటున్నారు. విశాఖలో హాస్టల్లో పెట్టి కోచింగ్ ఇప్పించాలా, ఇంట్లోనే చదివించాలా? జీమ్యాట్‌లో జామెట్రీ లేదట కదా, అది రాయిస్తే పోదా?

జవాబు: అయ్యా, ముందు జీమ్యాట్ సంగతి తేల్చేద్దాం. ఇప్పటి జీమ్యాట్‌లో జామెట్రీ తీసేసిన మాట నిజమే. కానీ అది ప్రధానంగా ఎంబీఏకి వెళ్లేవాళ్ల పరీక్ష. త్రిభుజాలంటే భయమని చదువే మార్చేస్తామా?

పర్లాకిమిడి, గుణుపురం, జయపురం, ఎక్కడి తల్లిదండ్రులైనా అడిగేది కోచింగ్ గురించే. అడగలేనిది వేరే ఉంటుంది: ఒడియా మీడియం పిల్ల హైదరాబాద్ పిల్లల పక్కన నిలబడగలదా అని. నిలబడుతుంది. జీఆర్‌ఈ జామెట్రీ అంటే తొమ్మిది, పది తరగతుల త్రిభుజాలు, వృత్తాలు, ఘనపరిమాణాలే. ట్రిగనామెట్రీ లేదు, రుజువులు రాయక్కర్లేదు. బీటెక్‌లో కాలిక్యులస్ దాటిన పిల్లకి బేసిక్స్ లేకపోవడమేమిటి? వాడక మరిచిపోయిందంతే.

మార్కులు పోయేది ఇంకోచోట. ఎక్స్, ఎక్స్ స్క్వేర్ - రెండిట్లో ఏది పెద్దదని అడుగుతారు. స్క్వేరే పెద్దదని పిల్లలు టక్కున టిక్కు పెట్టేస్తారు. ఎక్స్ విలువ అర అయితే దాని స్క్వేర్ పావే. సున్నా, ఒకటి అయితే రెండూ సమానం. మైనస్ 2 అయితే స్క్వేర్ 4. కాబట్టి ఇచ్చిన సమాచారంతో చెప్పలేమన్నదే జవాబు. ఇలాంటి ప్రశ్న వచ్చినప్పుడల్లా ఈ నాలుగు రకాల అంకెలూ పెట్టి చూడమనండి. జామెట్రీ బొమ్మలు కొలత ప్రకారం గీసినవి కాకపోవచ్చని ఆ పరీక్షే చెబుతుంది. లంబకోణంలా కనబడింది కదా అని 90 డిగ్రీలు వేసేస్తే బోల్తా పడ్డట్టే. ప్రతి బొమ్మా కాగితం మీద తనే మళ్లీ గీసుకుని, ఇచ్చిన కొలతలే వేసుకోవాలి. పరీక్ష పెట్టే ఈటీఎస్ సైట్లోనే మ్యాథ్ రివ్యూ ఉచితంగా ఉంది. పవర్‌ప్రెప్ అనే రెండు మాక్ టెస్టులూ ఉచితమే.

కోచింగా, ఇల్లా అన్నారు. రోజూ గంటసేపు కూర్చుని, తప్పులు నోట్‌బుక్‌లో రాసుకునే పిల్లైతే ఇల్లు చాలు. అంతకు మించి పోల్చడానికి నాకేమీ కనబడలేదు.

నాకు అనుమానమున్నది ఎమ్మెస్ మీదే. తప్పని అనను, వెళ్లి బాగుపడినవాళ్లున్నారు. కానీ లోను తీసుకుంటే, వాయిదాలు మొదలయ్యేది చదువు అయ్యాకేనైనా వడ్డీ మాత్రం డబ్బు చేతికి వచ్చినప్పటి నుంచే లెక్క. చదువయ్యాక ఓపీటీ, అంటే అక్కడే ఉండి పనిచేసుకునే అనుమతి, ఒక ఏడాది, ఇంజనీరింగ్ వాళ్లకి మరో 24 నెలలు. ఆ తర్వాత హెచ్‌1బీ, అంటే ఉద్యోగ వీసా, కావాలి. మామూలు కంపెనీలకి ఏడాదికిచ్చేవి 85,000, అడిగేవాళ్లు అంతకన్నా ఎక్కువ. 151ని 165 చేసుకున్నా ఆ క్యూ కురచ కాదు. వీధిలో ఎవరబ్బాయో డల్లాస్‌లో ఇల్లు కొన్నాడంటారు. వాడు వెళ్లిన నాటి రోజులు వేరు.

కోపం తెచ్చుకోకండి, ఇంకో మాట. కోవిడ్ తర్వాత చాలా అమెరికా యూనివర్సిటీలు జీఆర్‌ఈ అడగడమే మానేశాయి, కొన్ని ఇష్టముంటేనే పంపమంటున్నాయి. మీ ఉత్తరంలో ఒక్క యూనివర్సిటీ పేరు లేదు, కోర్సు పేరూ లేదు. "పంపాలనుకుంటున్నాం" అన్నారు. పాప ఏమనుకుంటోందో ఒక్క ముక్క రాయలేదు! జామెట్రీ రానిది ఆమెకే అయితే, హాస్టల్ గురించి నిద్రపోనిది మీరెందుకు?

హాస్టల్ అడ్వాన్స్ కట్టడానికి ఈ ఆదివారం వైజాగ్ బండెక్కకండి. పాపనే కూర్చుని తను వెళ్లాలనుకునే కోర్సులు, వాటిలో జీఆర్‌ఈ అడిగేవి ఏవో రాయమనండి. అలాంటివి ఉంటే మొదటి పవర్‌ప్రెప్ ఆ రోజే రాయనివ్వండి, రెండోది ఆరు వారాల తర్వాతకి ఉంచమనండి. అసలు వెళ్లాలని లేదంటే అదీ వినండి, మధ్యలో డల్లాస్ ఎత్తకుండా.