సగం దారిలో వెనుదిరగడం గురించి ఒక లేఖ

చిరంజీవి అమ్మలుకు,

పెదనాన్న ఆశీస్సులు. నీ ఉత్తరం చేరి పది రోజులైంది. వెంటనే జవాబు రాయలేకపోయాను, ఎందుకంటే నువ్వు అడిగినది ఒక పూటలో తేల్చి చెప్పగల సంగతి కాదు. "నేనెలాంటిదాన్నో చుట్టూ ఉన్నవాళ్లందరికీ తెలిసినట్టే ఉంది, నాకే తెలియడం లేదు. నన్ను నేను తెలుసుకోవాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?" అని రాశావు. డెబ్బై ఏళ్లు దాటినవాడిగా, ఈ పనిలో చాలాకాలం తప్పుదారిన నడిచి ఆలస్యంగా దారికి వచ్చినవాడిగా, నాకు అనుభవంలో నిలిచిన మాటలు రాస్తున్నాను. తీరిక చేసుకుని చదువు.

ఛాందోగ్యోపనిషత్తు ఎనిమిదవ అధ్యాయంలో ఒక కథ ఉంది. ఆత్మను తెలుసుకున్నవాడికి అన్ని లోకాలూ దక్కుతాయని ప్రజాపతి చెప్పాడని విని, దేవతల తరఫున ఇంద్రుడూ అసురుల తరఫున విరోచనుడూ సమిధలు చేతబట్టుకుని ఆయన దగ్గరకు వెళ్లి, 32 ఏళ్లు శుశ్రూష చేశారు. ఆ తర్వాత ఆయన నీళ్లున్న పాత్రలోకి తొంగిచూడమన్నాడు, చక్కగా అలంకరించుకుని మరోసారి చూడమన్నాడు, అక్కడ కనబడినదే ఆత్మ అన్నాడు. ఇద్దరూ తృప్తిగా బయలుదేరారు. విరోచనుడు ఆ తృప్తితోనే తనవాళ్లను చేరి, శరీరమే తాను, దాన్ని కొలవడమే పరమార్థమని బోధించాడు. ఇంద్రుడు మాత్రం ఇల్లు చేరకముందే దారిలో ఆగిపోయాడు. శరీరానికి నగలు పెడితే నీడకూ నగలు వచ్చినట్టే, శరీరం గుడ్డిదైతే ఆ నీడా గుడ్డిదవుతుంది, శరీరం నశిస్తే అదీ నశిస్తుంది, ఇందులో నాకు మేలేమీ కనబడడం లేదే అనుకుని వెనక్కి వచ్చాడు. మరో 32 ఏళ్ల తర్వాత, కలలో స్వేచ్ఛగా తిరిగేవాడే ఆత్మ అన్న మాట విని వెళ్లి, కలలోనూ మనిషి భయపడి ఏడుస్తాడు కదా అని మళ్లీ వచ్చాడు. ఇంకో 32 ఏళ్లకు, కలలేని గాఢనిద్రలో ఉండేదే ఆత్మ అని విని, అక్కడ 'ఇది నేను' అన్న ఎరుకే లేదు కదా అని ఇంకోసారి వచ్చాడు. ఆఖరున మరో 5 ఏళ్లు, వెరసి 101 ఏళ్లు ఆ ఆశ్రమంలో గడిపాక అతడికి అసలు బోధ అందింది.

చిన్నప్పుడు ఈ కథ విన్నప్పుడు, ఇంద్రుడు తెలివైనవాడు, విరోచనుడు మందబుద్ధి అనుకునేవాణ్ణి. ఇప్పుడు అలా అనిపించడం లేదు. ఇద్దరూ విన్నది ఒకే మాట, గడిపినవి అవే 32 ఏళ్లు. తేడా అంతా దారి మధ్యలోనే ఉంది. చేతికి అందిన జవాబును ఒకడు ఇంటిదాకా మోసుకుపోయాడు, మరొకడు సగం దారిలో దాన్ని దించి పరీక్షించాడు. నువ్వు అడిగిన ప్రశ్నకు నేను ఇవ్వగలిగిన సలహా అంతా ఈ రెండోవాడి నడకలోనే ఉంది. నీ గురించి నీకు ఏ జవాబు దొరికినా, అది ఎంత నచ్చినా, ఎంత నొప్పించినా, దాన్ని సగం దారి జవాబుగానే చూడు.

నీ ఉత్తరంలోంచే ఉదాహరణ తీసుకుంటాను. 'నాకు మొహమాటం ఎక్కువ' అని మూడు చోట్ల రాశావు. ఎవరో చిన్నప్పుడు నీకు పెట్టిన పేరు అది, నువ్వూ దాన్నే నీ స్వభావమనుకున్నావు. కానీ నీ స్నేహితురాలికి రావలసిన అడ్వాన్సు డబ్బు కోసం ఇంటి యజమానితో అరగంట నిలబడి వాదించి ఇప్పించిన సంగతి అదే ఉత్తరంలో రెండో పేజీలో ఉంది. మొహమాటస్తురాలు చేసే పని కాదది. అదే ఉత్తరంలో, నీకు రావలసిన సెలవు అడగలేక రెండు నెలలు ఊరుకున్నానని కూడా రాశావు. ఈ రెండూ పక్కపక్కన పెట్టి చూస్తే, నీకు అడగడం చేతకాక కాదు, నీ కోసం నువ్వు అడగవలసి వచ్చినప్పుడే గొంతు పెగలడం లేదని నాకు అర్థమవుతోంది. 'మొహమాటం' అన్న మాట దగ్గర ఆగిపోతే ఈ సంగతి ఎన్నటికీ కనబడదు. కోపిష్టి, నెమ్మదస్తుడు, బద్ధకస్తుడు, మంచివాడు అన్న మాటలన్నీ నీటిపాత్రలో కనబడే నీడల వంటివే. అబద్ధాలని కాదు, మనిషి మొత్తం అందులో లేడు.

ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పాలి. తనను తాను తెలుసుకోవడమంటే కళ్లు మూసుకుని కూర్చుని 'నేను ఎందుకిలా చేశాను?' అని లోపల వెతుక్కోవడమేనని చాలామంది అనుకుంటారు. నేనూ అలాగే అనుకునేవాణ్ణి. లోపల నుంచి వచ్చే ఆ కారణాలను అంత సులువుగా నమ్మకూడదు. అమెరికాలో రిచర్డ్ నిస్బెట్, తిమోతీ విల్సన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు 1977లో ప్రచురించిన ఒక వ్యాసంలో ఒక చిన్న పరిశీలన ఉంది. బల్ల మీద నాలుగు జతల నైలాన్ మేజోళ్లు వరుసగా పెట్టి, వీటిలో ఏది నాణ్యమైనదో చెప్పమని వచ్చేపోయేవాళ్లను అడిగారు. నిజానికి నాలుగూ ఒకటే రకం. అయినా అందరికంటే ఎక్కువమంది, నూటికి 40 మంది, కుడివైపు చివరన ఉన్నదాన్ని ఎంచుకున్నారు. కారణం అడిగితే నేత గురించీ నునుపు గురించీ చెప్పారే తప్ప, అది ఉన్న చోటును ఒక్కరూ ప్రస్తావించలేదు. చోటు వల్లనేమో అని ఆ శాస్త్రవేత్తలే అడిగినప్పుడు దాదాపు అందరూ కాదన్నారు. ఎంచుకున్నవాళ్లు అబద్ధం చెప్పలేదు, తల్లీ. కారణం తమకు తెలుసని మనస్ఫూర్తిగా నమ్మారు.

మూర్ఛవ్యాధి చికిత్స కోసం మెదడు రెండు అర్ధభాగాలనూ కలిపే నరాల కట్టను కోసిన రోగులలో ఇది మరింత స్పష్టంగా కనబడింది. ఈ పరిశోధనలకు రోజర్ స్పెర్రీకి 1981లో నోబెల్ బహుమతి వచ్చింది. ఆయన శిష్యుడు మైఖేల్ గజానిగా అలాంటి ఒక రోగికి, మాట్లాడే ఎడమ అర్ధభాగానికి కోడికాలు బొమ్మా, మాట్లాడలేని కుడి అర్ధభాగానికి మంచు కప్పిన దృశ్యమూ ఒకేసారి చూపించాడు. తర్వాత ముందున్న బొమ్మల్లో సరిపోయేవి ఎంచుకోమంటే, ఎడమ అర్ధభాగం నడిపే కుడిచెయ్యి కోడిని చూపింది, కుడి అర్ధభాగం నడిపే ఎడమచెయ్యి మంచు తీసే పారను చూపింది. పార ఎందుకని అడిగితే, మంచు దృశ్యం సంగతే తెలియని ఆ నోరు తడుముకోకుండా, కోళ్ల షెడ్డు శుభ్రం చేయడానికి పార కావాలి కదా అంది. చేసిన పనికి కారణం తెలియని చోట మనసు అప్పటికప్పుడు ఒక కారణం అల్లి పెడుతుంది, ఆ అల్లికను మనమే ముందు నమ్ముతాం.

ఈ మాట నేను పుస్తకాలు చదివి మాత్రమే చెప్పడం లేదు. నేను బడిలో పనిచేసే రోజుల్లో, నాకంటే వెనుక చేరిన ఒకాయనను ప్రధానోపాధ్యాయుణ్ణి చేశారు. "ఆ కుర్చీ నేనే వద్దన్నాను, పాఠం చెప్పడంలో ఉన్న తృప్తి అందులో ఎక్కడిది" అని ఆ తర్వాత పన్నెండేళ్లు మీ పెద్దమ్మకూ, నా విద్యార్థులకూ, మీ అందరికీ చెప్పాను. నాకు నేను కూడా అదే చెప్పుకున్నాను. ఒకనాడు పాత పెట్టె సర్దుతుంటే ఆనాటి డైరీ దొరికింది. ఆ వారం పేజీల్లో వరుసగా మూడు రోజులు ఒకే వాక్యం ఉంది, 'ఇవాళ కూడా పిలుపు రాలేదు.' నాలుగో రోజు ఆయన పేరు రాసి కొట్టేసి ఉంది. కలం పాళీ ఎంత బలంగా గీసిందంటే, అక్కడ కాగితం చిరిగి కింది పేజీ మీద కూడా గీత పడింది. ఆ చిరుగు మీద వేలు పెట్టి చాలాసేపు అలాగే కూర్చున్నాను. నన్నెవరూ ఆ పదవి తీసుకోమని అడగనే లేదు. వద్దనడానికి నాకు అవకాశమే రాలేదు.

అంతటితో అయిపోతే అది నా ఒక్కడి సంగతి. ఆ పన్నెండేళ్లలో ఆయన ఏ ప్రతిపాదన తెచ్చినా సమావేశంలో అడ్డు చెప్పినవాణ్ణి నేనే. చదువులో వెనకబడిన పిల్లలకు సాయంత్రం పూట అదనంగా తరగతులు పెడదామని ఆయన అన్నప్పుడు, పిల్లలు అలసిపోతారని, ఉపాధ్యాయుల మీద భారం పడుతుందని, వినేవాళ్లు కాదనలేని కారణాలు చెప్పాను. ఆ ఆలోచన ఆగిపోయింది. కారణాల్లో తప్పు లేకపోవచ్చు, వాటిని పలికించినది మాత్రం మాత్సర్యం. మన పెద్దలు అరిషడ్వర్గాలలో దాన్ని ఆఖరున లెక్కపెట్టారు. కామక్రోధాలు వచ్చినప్పుడు వచ్చాయని మనిషికి తెలుస్తుంది, ఇది మాత్రం న్యాయం మాట్లాడుతున్నట్టే వచ్చి కూర్చుంటుంది. డైరీ దొరికేనాటికి ఆయన లేరు. ఆ పిల్లలు ఎక్కడెక్కడో పెద్దవాళ్లయిపోయారు. తనను తాను తెలుసుకోవడం ఎందుకంత ముఖ్యమని నన్నెవరైనా అడిగితే నాకు మోక్షం కంటే ముందు ఆ సాయంత్రపు తరగతులు గుర్తుకు వస్తాయి. నాలో నాకు తెలియకుండా ఉన్నదానికి వెల చెల్లించినవాళ్లు వాళ్లు.

కాబట్టి నువ్వు చేయవలసినది ఇది. ఒక నోటుపుస్తకం పెట్టుకో. మనసు కలత పడిన రోజున, ఆ రాత్రే, జరిగింది జరిగినట్టు, పక్కన నిలబడి చూసిన మనిషి రాసినట్టు రాయి. ఎవరు ఏమన్నారు, నువ్వు ఏమన్నావు, ఎంతసేపు ఊరుకున్నావు, గొంతు ఎండిందా, చేతులు చల్లబడ్డాయా అన్నవి రాయి. 'ఎందుకు' అన్నది ఆ రాత్రి రాయవద్దు, దానికి ఎదురుగా ఒక పేజీ ఖాళీగా వదిలిపెట్టు. వారం తర్వాత చదివి, అప్పుడు తోచిన కారణం ఆ ఖాళీ పేజీలో రాయి. నెల తర్వాత మళ్లీ చదివి, అప్పుడు తోచిన కారణమూ రాయి. రెండోసారి రాసిన కారణం మొదటిదానికి భిన్నంగా ఉంటే, మొదటిదాన్ని కొట్టేయకు. నువ్వు ఏ కారణాన్ని ముందుగా చేతికి అందుకుంటావో తెలియడం కూడా నిన్ను గురించిన జ్ఞానమే. నా డైరీ నాకు అంత మేలు చేసిందంటే, ఆ రోజు నేను అందులో కారణాలేవీ రాయకపోవడం వల్లనే.

అయితే రాయడానికీ ఒక హద్దు ఉంది. ఒకే గాయం చుట్టూ ఒకే మాటలతో రోజూ తిరగడం ఆత్మపరిశీలన కాదు. మూడో రాత్రి రాసిన పేజీ మొదటి రాత్రి పేజీలాగే ఉంటే పుస్తకం మూసి, బయటికి వెళ్లి నలుగురితో మాట్లాడు. నిద్ర, ఆకలి చెడిపోయి వారాల తరబడి దిగులు వదలకపోతే అది డాక్టరుకు చెప్పవలసిన విషయం, సంకోచించకుండా వెళ్లాలి.

నువ్వు ఒక్కదానివే చూసుకుంటే కనబడనివి కూడా కొన్ని ఉన్నాయి. సిమీన్ వజీర్ అనే పరిశోధకురాలు 2010లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం, ఆందోళన వంటి లోపలి సంగతులు మనకే బాగా తెలుస్తాయి, తెలివితేటలు, సృజన వంటి, మంచిచెడ్డల తూకంతో ముడిపడిన గుణాలు మాత్రం స్నేహితులకే మనకంటే బాగా కనబడతాయి. కాబట్టి నీ భయం గురించి ఇతరులు చెబితే తొందరపడి ఒప్పుకోకు, నీ సామర్థ్యం గురించి నువ్వు చెప్పుకునేది తొందరపడి నమ్మకు. అడిగేటప్పుడు 'నేనెలాంటిదాన్ని?' అని అడగవద్దు, దానికి మర్యాద జవాబే వస్తుంది. 'ఆ రోజు నేను అలా అన్నప్పుడు నీకేమనిపించింది?' అని ఒక సంఘటన పట్టుకుని అడుగు. విన్నాక ఆ రోజంతా సమర్థించుకోకుండా ఉండు. నాకు అన్నింటికంటే కష్టమైనది ఇదే.

ఇంత శ్రమపడి తెలుసుకున్నదైనా శాశ్వతం కాదు. 18 నుంచి 68 ఏళ్ల వయసున్న 19 వేలమందికి పైగా మనుషులతో జరిపి 2013లో ప్రచురించిన ఒక అధ్యయనంలో, గడిచిన పదేళ్లలో తాము చాలా మారామని, రాబోయే పదేళ్లలో పెద్దగా మారమని అన్ని వయసులవాళ్లూ అన్నారు. ఈనాటి నేనే చివరి నేను అనుకోవడం ప్రతి వయసులోనూ ఉన్నదన్నమాట.

మరి మారేదంతా నేను కాకపోతే నేనెవరు అన్న ప్రశ్న నీకు తప్పకుండా వస్తుంది. 1896లో మదురైలో పదహారేళ్ల కుర్రవాడికి ఉన్నట్టుండి మరణభయం కలిగింది. అతడు పారిపోకుండా శవంలా పడుకుని, ఈ శరీరం పోతే పోయేదెవరని లోపలే చూశాడు. ఆయనే తర్వాత రమణ మహర్షి అయ్యారు. 'నేనెవరు' అన్నది జపించవలసిన మంత్రం కాదని, తలెత్తిన ప్రతి ఆలోచనా ఎవరికి కలిగిందో వెతికి దాని మూలానికి పోవడమని ఆయన చెప్పేవారు. మారేవాటినన్నిటినీ చూస్తూ తాను మారని సాక్షి ఒకటుందని వేదాంతం అంటుంది. బుద్ధుడు రూపం, వేదన (అనుభూతి), సంజ్ఞ (గుర్తుపట్టడం), సంస్కారాలు (మనసు పోకడలు), విజ్ఞానం (ఎరుక) అనే ఐదు స్కంధాలను, అంటే మనిషిలోని ఐదు భాగాలను, విడదీసి, వీటిలో దేన్నీ 'ఇది నేను, ఇది నాది' అనడానికి వీల్లేదన్నాడు. ఈ రెంటిలో ఏది నిజమో తేలితేగానీ పని మొదలుపెట్టనని కూర్చోకు. రెండు దారులూ మొదటి మెట్టు మీద అడుగుతున్నది ఒకటే, వచ్చిపోయే కోపాన్నీ పొగడ్తనూ అవమానాన్నీ 'నేను' అని పట్టుకోవద్దని. నా మటుకు నాకు సాక్షి అన్న మాట దగ్గర నెమ్మది దొరుకుతుంది. నీకు అలా దొరకాలని లేదు.

ఇక నీ మొహమాటం గురించి పైన నేను రాసిన మాట కూడా సగం దారి జవాబే. పెదనాన్న చెప్పాడు కదా అని ఒప్పుకోవద్దు. ఒక నెల గమనించి, నీ కోసం నువ్వు అడగవలసి వచ్చిన ప్రతిసారీ ఏం జరిగిందో నోటుపుస్తకంలో రాసుకుని, నేను పొరబడి ఉంటే పొరబడ్డానని రాయి. పుస్తకం నాకు చూపించనవసరం లేదు. ఆ సెలవు సంగతి ఏమైందో మాత్రం రాయి.

ఆశీస్సులతో,
నీ పెదనాన్న